కోలా సంచి, కొబ్బరాకు పురుగు సంచి

2023 వానాకాలం. అమలాపురంలో ఒక ఆసుపత్రి, నెలలు నిండని పిల్లల వార్డు. అక్కడ నేను స్టాఫ్ నర్సుని. నా పాపకు అప్పటికి ఏడాది నిండలేదు. ఇంటి దగ్గర దానికి చిన్న దగ్గు వచ్చినా ఇక్కడ నాకు చేతులు ఆడేవి కావు.

ఆ వార్డులో ఉన్న దుర్గకు ఎనిమిదో నెలలోనే కొడుకు పుట్టాడు. అలాంటి పిల్లలకు కంగారూ మదర్ కేర్ చేయిస్తాం. అంటే బిడ్డను తల్లి గుండెల మీద, ఒంటికి ఒళ్లు ఆనేలా కట్టి, ఆ వేడితోనే కాపాడటం. ఆ రోజు దుర్గకు చలిజ్వరం వచ్చింది. పిల్లల్ని వెచ్చగా ఉంచే వార్మర్లన్నిటిలోనూ ఇంకా బలహీనమైన పిల్లలున్నారు. పసివాడి పాదాలు చల్లబడుతున్నాయి.

"సత్తిబాబు గారూ, చొక్కా విప్పండి. బాబును మీరు పెట్టుకోవాలి," అన్నాను ఆమె భర్తతో.

అతను వెనక్కి జరిగాడు. "అమ్మో! పురుడెళ్లకుండా నేను ముట్టుకోకూడదండి. మాయమ్మ చంపేత్తది."

బిడ్డను ఒంటికి ఆనించుకోవడం ఎందుకో తెలుస్తుందని, మా పాప చూసే కోలా వీడియో ఫోన్‌లో చూపించాను. ఆస్ట్రేలియాలో చెట్ల మీద బతికే జంతువు. దాని పిల్ల పుట్టినప్పుడు చిక్కుడు గింజంతే ఉంటుంది. పాక్కుంటూ తల్లి పొట్టకున్న సంచిలోకి చేరి, నెలల తరబడి అందులోనే పెరుగుతుంది.

సత్తిబాబు కళ్లు పెద్దవయ్యాయి. "మా కొబ్బరాకుల మీదా ఉందండీ ఇలాంటిది. ఎండుటాకు ముక్కలతో సంచి అల్లుకుంటది. రెక్కల పురుగేనండి, ఆడదానికి మాత్రం రెక్కలే రావు. ఆ సంచిలోనే గుడ్లెట్టి, అందులోనే చచ్చిపోద్దండి."

"మరి మగదో?" నీరసంగా అడిగింది దుర్గ.

"దానికి రెక్కలుంటాయిగా. ఎగిరిపోద్ది."

"ఆయ్. ఇంకేం, మీరూ ఎగరండి మరి."

పక్క మంచం ఆవిడ కిసుక్కున నవ్వింది. సత్తిబాబు నవ్వలేదు. కొడుకు పాదాలకేసి చూసి, చొక్కా బొత్తాలు విప్పాడు. "మాయమ్మకి నువ్వే చెప్పుకో," అన్నాడు పెళ్లాంతో.

బాబును అతని ఛాతీ మీద ఆనించి గుడ్డ చుట్టాను. చాలాసేపటికి వెళ్లి చూస్తే మనిషి కొయ్యలా బిగుసుకుపోయి ఉన్నాడు.

"సిస్టరు గారండీ, గట్టిగా ఊపిరి తీసుకోవచ్చాండీ?"

"తీసుకోండి."

ఆ ఊపిరికి పసివాడు మెల్లగా పైకి లేచి, కిందికి దిగాడు. పాదాలు ముట్టుకుంటే వెచ్చగా తగిలాయి.

అప్పటిదాకా మేం కట్టే ఆ గుడ్డ, మనిషికి లేని సంచికి బదులని అనుకునేదాన్ని. కోలాకు సంచి ఒంట్లో భాగం. ఆ పురుగుకు సంచే లోకం. అవి తమ పిల్లల్ని ఇంకెవరికీ అందించలేవు. మనకు ఆ సంచి లేదు కాబట్టే బిడ్డను ఇంకో గుండెకు అందించగలుగుతున్నాం. ఇప్పుడు డ్యూటీకి వెళ్తూ పాపను మావారి చేతికిస్తాను. గుమ్మం దగ్గర కాళ్లు ఇంకా ఆగుతాయి. అయినా వెళ్తాను.