దాటించని మాట

మా కాలనీకి దగ్గర్లోని లాల్‌ఖదాన్‌లో సువార్త సభలు పెట్టారు. సాయంత్రం ఆరేసిన బట్టలు తీద్దామని డాబా ఎక్కితే మైకు గొంతులు గాలికి కొట్టుకొచ్చాయి. ఒక మగ గొంతు తెలుగులో ఒక వాక్యం, వెంటనే ఒక ఆడపిల్ల గొంతు అదే వాక్యం హిందీలో. మళ్లీ ఆయన, మళ్లీ ఆమె. ఆ రెండు గొంతులకూ మధ్య ఉండే చిన్న ఖాళీ చెవిన పడిందో లేదో, నా ఒళ్లు మండిపోయింది. దుప్పటి తీగ మీదే వదిలేసి కిందికొచ్చేశాను. ఎస్తేరమ్మత్త పోయి ఏళ్లు గడిచినా ఆ మంట చల్లారలేదు. చల్లారాలని నేను ప్రార్థన కూడా చెయ్యడం లేదు.

ఆమె నాకు మేనత్తేమీ కాదు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా పక్క క్వార్టరు ఆవిడది. మాలాగే విజయనగరం వైపు నుంచి వచ్చిన కుటుంబం. రైల్వే ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయింది, కాబట్టి ఊరందరికీ సిస్టరమ్మ. మా తెలుగు సంఘంలో పెద్దవాళ్లు తెలుగులో వింటారు, వాళ్ల పిల్లలకేమో తెలుగు సరిగ్గా అర్థమే కాదు. అందుకని పాస్టరు అయ్యగారు తెలుగులో ప్రసంగిస్తుంటే పక్కన నిలబడి మాట మాటా హిందీలో చెప్పేది అత్త. నేను కాలేజీలో ఉండగా ఆ పని నాకూ నేర్పింది. కత్తిపీట ముందు కూర్చుని బెండకాయలు తరుగుతూ తెలుగులో ఒక మాట అనేది, నేను హిందీలో అనాలి. ఒకసారి నా సొంత కవిత్వం కొంచెం కలిపాను. తరగడం ఆపి కళ్లెర్రజేసింది.

"ఏటే అది? నేనన్నానా ఆ మాట?"

"వినడానికి బాగుంటుందని, అత్తా."

"బాగుండాలంటే నువ్వే ప్రసంగం చెయ్. పక్కన నిలబడ్డావంటే ఆయన మాట ఆయన్దే. కలపకు, తియ్యకు. మనల్ని నమ్మి వింటన్నారు జనం."

ఆ తర్వాత కొత్త అయ్యగారు వచ్చారు. ఆయన పేరు రాయను, రాస్తే దాన్ని కూడా ప్రచారం కిందే వాడుకుంటాడు. మాట గడగడా వస్తుంది, హిందీ మాత్రం అంతంత మాత్రం. ఆయన రాగానే మన సంఘం కూడా విదేశానికి సువార్త యాత్ర చెయ్యాలన్నాడు. విదేశమంటే మాకు అందుబాటులో ఉన్నది నేపాలే. రైల్లో రక్సౌల్ దాకా వెళ్లి, టాంగా ఎక్కి సరిహద్దు దాటాం. సరిహద్దు జనానికి హిందీ అర్థమవుతుంది కాబట్టి మాట దాటించడానికి అత్త, అత్తకు తోడుగా నేను. అవతల టీ కొట్టు దగ్గర ఆగామో లేదో, అయ్యగారు అక్కడున్నవాళ్లకు కరపత్రాలు పంచడం మొదలెట్టాడు. అత్త వెళ్లి గాజులమ్మే ఒకామె పక్కన కూర్చుంది. మోకాళ్ల నొప్పులు, కూతురి చదువు, అల్లుడి తాగుడు, అన్నీ వింది. చాలాసేపటికి ఆమే అడిగింది, మీరెందుకొచ్చారని. అప్పుడు చెప్పింది అత్త, తన దేవుడి గురించి, రెండు మూడు మాటల్లో. "అంతేనా?" అన్నాను తర్వాత. "అడిగినంతకి చెప్పాను. అడక్కుండా చెప్పింది ఎవుడి చెవికెక్కుద్ది?" అంది. ఆ గాజులామె సాయంత్రం మా ప్రార్థన కూటానికి తనంతట తానే వచ్చింది, పక్కింటామెను కూడా వెంటబెట్టుకుని.

ఆ పక్కింటామె చెయ్యి పట్టుకుని ఏడెనిమిదేళ్ల పిల్ల ఉంది. పేరు అస్మిత. పిల్లకు మూర్ఛ. ఊళ్లో డాక్టరు రాసిచ్చిన మాత్రలతో కొన్నాళ్లుగా ఆగిందని తల్లి చెప్పింది. అయ్యగారు పిల్ల తల మీద చెయ్యి పెట్టి గట్టిగా ప్రార్థన చేశాడు. అందులో నాకు తప్పేమీ కనబడలేదు, అత్త కూడా ప్రతి మాటా నిండుగా హిందీలో పలికింది. అప్పుడాయన కళ్లు తెరిచి తల్లి వైపు తిరిగాడు. "స్వస్థత అయిపోయింది. ఈ క్షణం నుంచి మాత్రలు మానెయ్. మాత్ర వేశావంటే ప్రభువును నమ్మనట్టే" అన్నాడు.

అత్త నోరు మెదపలేదు. జనమంతా ఆమె వైపే చూస్తున్నారు. అయ్యగారు అదే మాట మళ్లీ అన్నాడు.

"ఈ మాట నేను దాటించనండి" అంది అత్త తెలుగులో, నెమ్మదిగానే.

ఆయన మొహం మాడిపోయింది. వచ్చిన నాలుగు ముక్కల హిందీలోనే "దవా బంద్, దవా బంద్" అని, మందు ఆపెయ్యమని అరిచాడు. తల్లి కొంగుముడి విప్పి మాత్రల అట్ట ఆయన చేతిలో పెట్టింది. దాన్ని కిటికీలోంచి బయటకు విసిరేశాడు మహానుభావుడు. చప్పట్లు కొట్టారు అందరూ. మాతో వచ్చిన సంఘంవాళ్లు ఫోనుల్లో వీడియో తీశారు. తలుచుకుంటే ఇప్పటికీ పళ్లు కొరుక్కుంటాను. మూర్ఛ మాత్ర ఉన్నపళంగా ఆపితే ఏమవుతుందో అత్త తన డ్యూటీల్లో కళ్లారా చూసింది. ఆయనేం చూశాడు, కెమెరా తప్ప?

బయటికొచ్చాక ఉండబట్టలేక అడిగాను. "ఆయనకు హిందీ రాదు కదత్తా. మాత్రలు ఆపొద్దని నువ్వే చెప్పేస్తే ఎవరికి తెలుస్తుంది?"

"ఆయన నోట్లో నా మాట పెట్టమంటావేటి? నాకు చెప్పాలనుంటే నా పేరు మీద చెప్తాను" అంది. కిటికీ కింద ముళ్ల పొదలో చెయ్యి పెట్టి ఆ అట్ట తీసింది. చెయ్యంతా గీరుకుపోయింది.

మర్నాడు పొద్దున్నే గాజులామెను దారి అడిగి ఆ ఇంటికి వెళ్లాం. తల్లి మమ్మల్ని చూసి హడలిపోయింది. "దీదీ, మీ పెద్దాయనే వద్దన్నాడు. ఇప్పుడు మాత్ర వేస్తే దేవుడికి కోపమొచ్చి జబ్బు తిరగబెడితే?" అని ఏడ్చింది. పిల్లను గుండెలకు అదుముకుని మా చేతికివ్వలేదు. అత్త వాదించలేదు. మంచినీళ్లడిగింది. సంచిలోంచి తన బీపీ మాత్ర తీసి, ఆమె కళ్లెదుటే వేసుకుని నీళ్లు తాగింది.

"నేను ఆ దేవుణ్ణి నమ్మే మనిషినేనమ్మా. పొద్దున లేచి ప్రార్థన చేసుకుంటాను, ఆనక ఇది మింగుతాను. నా మీద ఆయనకి ఇన్నేళ్లుగా కోపం రాలేదు. నీ పసిదాని మీద వస్తదా?" అని హిందీలో అంది. తల్లి పట్టు సడలించి పిల్లను వదిలింది. అప్పుడు అట్ట అందుకుంది.

ఇక బిలాస్‌పూర్ వచ్చాక చూడాలి మా సంఘం పౌరుషం. దైవజనుడి మాటను నలుగురిలో అడ్డుకున్నందుకు అత్తను బల్ల నుంచి ఆపేశారు. అంటే నెల మొదటి ఆదివారం అందరికీ ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం ఆమెకు ఇవ్వరు, తప్పు ఒప్పుకునేదాకా. తాగొచ్చి పెళ్లాన్ని కొట్టేవాడికి ఆపలేదు సుమా! కాలనీలో సగం మందికి సూదిమందు వేసిన మనిషికి ఆపారు. హిందీలో చెప్పే పని నాకిస్తామన్నారు. మీ పని మీరే చేసుకోండని మొహం మీదే చెప్పాను. అత్త మాత్రం ప్రతి ఆదివారం వచ్చి ముందు వరసలోనే కూర్చునేది. పళ్లెం ఆమె ముందు ఆగకుండా పక్కకు పోయేది.

"వేరే సంఘానికి పోదాం అత్తా, ఊళ్లో లేవా?" అని పోట్లాడాను.

"నా తండ్రి ఇంట్లోంచి నేనెందుకెళ్తానే? ఎళ్తే ఆ అయ్యగారినే ఎళ్లమను" అంది.

క్షమాపణ చెప్పలేదు. మనిషి ఉన్నన్నాళ్లూ చెప్పలేదు. నేపాల్‌కు ఫోను మాత్రం మానలేదు. పిల్లను డాక్టరుకు చూపించావా, మాత్రలు అయిపోవచ్చాయా అని ఆ తల్లిని సతాయిస్తూనే ఉండేది.

ఆఖరుకు గుండె దెబ్బతిని ఆసుపత్రిలో పడింది. నేను పక్కనే ఉన్నాను. ఒక మధ్యాహ్నం అయ్యగారు రొట్టె పట్టుకుని వచ్చాడు. ఆ రొట్టె చూసి అత్త కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎంత ఆకలితో ఉందో నాకప్పుడు తెలిసింది.

"ఒక్క మాట సిస్టరమ్మా. పొరపాటయిందని చెప్పండి చాలు. ఇప్పుడే ఇచ్చేస్తాను" అన్నాడాయన.

అత్త ఊపిరి కూడదీసుకుంది. "అయ్యగారూ, ఆ పిల్ల పేరేటి?"

"ఏ పిల్ల?"

అత్త నా వైపు తల తిప్పింది. "తలుపు తియ్యే. అయ్యగారు ఎళ్తారు."

రొట్టె తినకుండానే పోయింది. సమాధి దగ్గర ఆమెను గొప్ప విశ్వాసి అని పొగిడింది ఆయనే. నన్ను మనసు మెత్తబరుచుకోమని చాలామంది బోధించారు, ఇంకా బోధిస్తున్నారు. నేను సంఘం మానలేదు. అత్త కూర్చున్న వరసలోనే కూర్చుంటాను. మొదటి ఆదివారం ఆయన పళ్లెం పట్టుకుని నా ముందుకొస్తాడు. "పిల్ల పేరు చెప్పండి అయ్యగారూ, తీసుకుంటాను" అంటాను, ఆయనకు మాత్రమే వినబడేటట్టు. ఆయన పక్క మనిషి దగ్గరికి జరిగిపోతాడు. పేరు కనుక్కోవడం అంత కష్టమేమీ కాదు. నన్ను అడిగితే చెబుతాను.