గాడిద నిలిచిన నేల

ఫెస్టస్ మలోయ్‌ని ఊళ్లో అందరూ ఫెస్టీ అనేవారు. పెళ్లి చేసుకోలేదు. తమ్ముడు కోల్మన్ కూడా చేసుకోలేదు. కొండ కింద ఆ ఇంట్లో ఒక పొయ్యి, రెండు కుర్చీలు, పొద్దస్తమానం ఏదో ఒక వాదన. కొండ అన్నకు, ఏరు తమ్ముడికి అని ఊరే వాటాలు వేసేసింది. ఏటా మే నెలలో ఫెస్టీ కొండమీది పీట్ నేలను సన్నపారతో కోసి, ఆ నల్లమట్టి పెళ్లలను ఎండబెట్టి, చలికాలం పొయ్యిలోకి కట్టెలకు బదులుగా ఇంటికి చేర్చేవాడు. కోల్మన్ చలికాలమంతా ఏటి ఒడ్డున తిరిగేవాడు. సముద్రం నుంచి ఎదురీదుకుంటూ వచ్చి గులకరాళ్లలో గుడ్లు పెట్టే సాల్మన్ చేపలను దొంగల పాలు కాకుండా కాపాడటం అతని పని.

"నీ చేపలకు పేర్లు కూడా పెట్టావటగా?" అని దుకాణం డీలియా ఏడిపించేది.

"పెట్టానక్కా. అన్నిట్లోకీ లావుదానికి నీ పేరే," అనేవాడు కోల్మన్.

కొండమీద గాలిమరలు వస్తాయన్నప్పుడు ఊళ్లో ఎవరూ పెద్దగా ఎదురు చెప్పలేదు. పొగలేని కరెంటు మంచిదే కదా. డీలియా మాత్రం ఊరుకోలేదు. "కొండ పాడవుతుందని నువ్వు పారతో కోస్తే పాపమట ఫెస్టీ, వాళ్లు యంత్రాలతో తవ్వితే పుణ్యమట!" అంది.

పునాదులకు తవ్విన పీట్‌ను ఎక్కడ పోయాలన్నది వచ్చిన చిక్కు. కొండ తెలిసినవాడని ఇంజినీరు ఫెస్టీని పిలిపించి, నెత్తిన పసుపు టోపీ పెట్టి, "మీరే చెప్పాలండీ" అన్నాడు. టోపీవాళ్లు తనను 'మీరు' అనడం ఫెస్టీ అదివరకు ఎరగడు. కాస్త పొంగిపోయాడు పాపం. ఏటికి ఎగువన, వాలు మీదున్న ఒక చదును చూపించాడు.

"మా నాన్న గాడిద రెండు నిండు గంపలతో ఇక్కడే నిలబడేదయ్యా. గాడిద దిగబడని చోట ఏదైనా నిలబడుతుంది," అన్నాడు.

కొండమీద కోతగాళ్లకు అంతకు మించిన పరీక్ష లేదు. దిగబడే నేల మీద గాడిద కాలు పెట్టదు, కొట్టినా పెట్టదు. ఇంజినీరు కూడా ఒక ఇనుప కడ్డీ గుచ్చి చూసి, నవ్వి, తల ఊపాడు. కానీ గాడిద కాసేపు నిలబడి వెళ్లిపోతుంది, పోసిన మట్టి అక్కడే ఉంటుంది. పైగా కొత్త రోడ్డు కాలువల నీళ్లన్నీ ఆ చదును కిందికే ఇంకుతున్నాయి. ఆ సంగతి ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

ఎండిన వేసవి తర్వాత అక్టోబరు వానలు పట్టుకున్నాయి. ఒక ఉదయం ఆ చదును మీద పోసిన పీట్ గుట్ట కదిలింది, కింద ఉన్న వాలంతటినీ వెంటబెట్టుకుని జారింది. అడ్డొచ్చిన కంచెల్ని, పొదల్ని మింగి, నల్లని జావలా ఏట్లో పడింది. మనుషులెవరూ పోలేదు, అదే మేలు అనుకున్నారు జనం. కోల్మన్ ఆ మాట అనలేదు. మొప్పల నిండా బురదతో తేలిన చేపలను పీట్ మోసే గంపలోకే ఏరుకున్నాడు.

కంపెనీ వానను తిట్టింది. ఊరు కంపెనీని తిట్టింది. ఫెస్టీని ఎవరూ ఏమీ అనలేదు. అదే అతనికి మింగుడుపడలేదు.

"ఒరే కోల్మన్, ఆ చోటు చూపించింది నేనేరా," అన్నాడు, సాయంత్రం భోజనాల దగ్గర.

"తెలుసన్నా."

"మరి తిట్టవేం?"

"నువ్వేం చేస్తావ్? చదువుకున్నవాళ్లు, వాళ్లు చూసుకోవద్దూ? దుంపలు చల్లారిపోతున్నాయి, తిను."

ఫెస్టీ కంచం పక్కకు జరిపాడు. తమ్ముడు ఒక్క దెబ్బ కొట్టినా బాగుండేది. ఆ తర్వాత ఇంట్లో వాదనలు లేవు. కోల్మన్ అడిగినదానికి జవాబు చెప్పేవాడు, టీ కాచి ఇచ్చేవాడు, అంతే.

డిసెంబరుకి నీళ్లు తేటపడ్డాయి. అన్నదమ్ములిద్దరూ ఏటికి వెళ్లారు. ఒక్క ఆడ చేప వచ్చింది. సముద్రంలో ఉన్నదానికి కొండ జారిన కబురు ఎవరు చెబుతారు? తాను పుట్టిన చోటికే వచ్చి, పక్కకు ఒరిగి, తోకతో అడుగును కొట్టింది. గుడ్లు పెట్టేందుకు గుంట పడలేదు, నల్లని మడ్డి లేచింది. మళ్లీ కొట్టింది. మడ్డి కింద రాళ్లు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. అది అక్కడక్కడే తిరిగింది, తిరిగి తిరిగి, ప్రవాహంతో పాటు కిందికి జారిపోయింది.

కోల్మన్ మోకాలి లోతు నీళ్లలోకి దిగి వంగాడు. వట్టి చేతులతో ఒక్కొక్క రాయినీ పెళ్లగించి కడగసాగాడు. ఏరంతా అలా కడగగలడా ఎవడైనా! ఫెస్టీ గుండె చెరువైంది.

"ఉండు, నేనూ వస్తా," అంటూ ఒక కాలు నీళ్లలో పెట్టాడు.

కోల్మన్ తల తిప్పలేదు. "నువ్వు దిగొద్దు, అన్నా," అన్నాడు మెల్లగా.

ఫెస్టీ కాలు వెనక్కి తీసుకున్నాడు. తమ్ముడి చేతులు చలికి ఎర్రబడిపోతుంటే చూస్తూ ఒడ్డునే ఉండిపోయాడు.