ఏకగ్రీవమూ, చిన్నమ్మ మోరీ

డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగం మాత్రం రాని ఆ రోజుల్లో, కుర్రాడికి సన్మానమంటే ఎంత ఆశ ఉంటుందో నన్నడగండి, చెబుతాను. చొప్పదండి దగ్గర మా ఊళ్లో నన్ను వార్డు మెంబరుగా నిలబెట్టింది ఏ పార్టీయో కాదు, మా పక్కింట్లో బీడీలు చేసే చిన్నమ్మ. ఆమె ఇంటి ముందు మోరి, అంటే మురుగు కాలువ, లేదు. వానొస్తే గల్లీ నీళ్లన్నీ గడప దాటి లోపలికే. పాత మెంబరు ఐదేళ్లూ "చేద్దాం" అంటూనే గడిపేశాడు. "నువ్వు గెల్వకున్నా మంచిదే బిడ్డా. ఎదురుంగ ఒకడుంటెనే వాడు పని జేస్తడు. ఊకె నిలబడు" అంది, ఒళ్లో చాట పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ. (నా గెలుపు మీద ఆమెకున్న నమ్మకం అంతే!)

నామినేషన్ వేశానో లేదో, పాత మెంబరు మేస్త్రీని వెంటబెట్టుకొచ్చి మోరికి కొలతలు పట్టించాడు. చిన్నమ్మ మొహం వెలిగిపోయింది. ఇంతలో పెద్దమనుషులు నన్ను కులసంఘం బిల్డింగుకు పిలిపించారు. "సదువుకున్నోనివి, నువ్వే సమజ్ చేస్కోకుంటె ఎట్ల? ఊరంత ఏకగ్రీవమైతుంటే నీ ఒక్కనితోని ఇజ్జత్ పోతది" అన్నారు. 'సదువుకున్నోనివి' అన్నప్పుడే సగం కరిగాను. శాలువా కప్పగానే మిగతా సగమూ కరిగింది. విత్‌డ్రా కాగితం మీద సంతకం పెట్టి ఊరుకున్నానా? మైకు పట్టుకుని ఊరి ఐక్యత మీద ఉపన్యాసం కూడా దంచాను.

ఆ శాలువాతోనే ఇంటికొస్తుంటే చిన్నమ్మ ఆపింది.

"ఏమైంది బిడ్డా?"

"ఊరి కోసం త్యాగం జేసిన చిన్నమ్మా."

"నీదేం పోయిందిరా త్యాగం జెయ్యనీకి? పోయింది నా మోరి గాదా!"

పాత మెంబరే ఏకగ్రీవంగా మళ్లీ మెంబరయ్యాడు. కొలతలు పట్టిన మేస్త్రీ మళ్లీ ఆ గల్లీ మొహం చూడలేదు. ముసురు పట్టిన రోజు ఆమె ఇంట్లో పాదాలు మునిగేటన్ని నీళ్లు, వాటిలో తునికాకు కట్టలు. నాకు తల కొట్టేసినట్టయింది. బకెట్ పట్టుకుని ఎత్తిపోయడానికి వెళ్లాను. నాలుగు తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. "వానల తడిసినవ్, జర చాయ్ తాగిపో" అని గ్లాసు చేతికిచ్చి, ఆకు కట్టలు పిండుకుంటూ మెల్లగా అంది: "నిలబడి ఓడినా అయితుండె గద బిడ్డా." గ్లాసు గడప మీద పెట్టి మళ్లీ బకెట్ అందుకున్నాను.

గెలవక్కర్లేదు, ఊరికే ఓడిపోతే చాలు, ఒక ఇల్లు తడవకుండా ఉండేది. అంత సులువైన పని కూడా చేతగాని ఆ ఉపన్యాసకుణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. నవ్వాక కాసేపు ఎవరి మొహమూ చూడబుద్ధి కాదు.