ఇంటి కంది

ఆఫ్రికాలో కరువు నేల రైతులు తమ తిండి తామే పండించుకోవాలని వినుకొండ దగ్గరి మా చర్చి సాయం చేస్తోంది. వంటకు ముందు మా ఆడవాళ్లు తీసిపెట్టే పిడికెడు బియ్యమే అందుకు పెట్టుబడి. ఆదివారం ఆరాధన అయ్యాక వీడియో కాల్‌లో వాళ్లకు సాగు చెప్పేది నేను. "విత్తనం కొనకండి, పంటలోంచే దాచుకోండి" అని గద్దించేదాన్ని.

పోయిన వారం అక్కడి పెద్దావిడ మా ఇంటి కంది విత్తనం చూపించమంది. వాళ్ల మాట మాకూ, మా మాట వాళ్లకూ మార్చి చెప్పే మా టీచరమ్మ ఆ సంగతి తెలుగులో చెప్పగానే, పై ఆదివారం చూపిస్తానని అనేశాను. మా అత్త పోయాక పొలమంతా పత్తి, మిరపే. కందిపప్పు కొట్లో కొనుక్కుంటాం.

చివరికి కొట్లో కందులు తెచ్చి, అత్త విత్తనం దాచినట్టే బూడిద కలిపి కుండలో పోశాను.

ఈ ఆదివారం ఆ కుండ ఫోన్ ముందు పెట్టాను. వెనక బల్ల మీది పక్కింటావిడ గట్టిగా అడిగేసింది: "అదేందక్కా, నువ్వు కంది ఎప్పుడేశావ్?"

టీచరమ్మ అబద్ధమాడదు. ఆ మాటా అటు చెప్పేసింది. ఆ పెద్దావిడ నవ్వలేదు. మెల్లగా ఏదో అంటే, టీచరమ్మ నా వైపు తిరిగి చెప్పింది:

"వాళ్ల దగ్గర కంది విత్తనం కాస్త మిగిలిందట. మీకు పంపించమంటారా అని అడుగుతోందండీ."