బాతులు ఎందుకు చావలేదో చెప్పిన డాక్టరమ్మ

మా పశువుల డాక్టరమ్మ పోయింది. పులివెందుల బస్టాండు గోడకు కరపత్రాలు అంటిస్తుండగా మా చిన్నాయన ఫోను చేసినాడు. "అబ్బీ, ప్రొద్దుటూరులో డాక్టరమ్మ పొద్దున కాలం చేసిందంట. జమ్మలమడుగుకు తెస్తాండారు. వస్తావా?" అన్నాడు. చేతుల నిండా మైదా బంక. తుడుచుకోకుండానే బస్సెక్కినాను.

జమ్మలమడుగు చర్చి సమాధుల తోటలో మా ఊరి రెండు పార్టీలూ ఉన్నాయి. మా ఊర్లల్లో పార్టీ అంటే ఎన్నికలప్పుడు గుర్తుకొచ్చేది కాదు. ఏ బావిలో నీళ్లు చేదుకోవాలో, ఏ వీధిలో నడవాలో చెప్పేది. ఎవరి జీపులు వాళ్లవి, ఎవరి పూలదండలు వాళ్లవి. ఈ పక్కన ఒకడు "ఆయమ్మ మా మనిషి" అన్నాడు. ఆ పక్కనా అదే మాట. నాకు ఒళ్లు మండిపోయింది. బతికుండగా ఏ పార్టీ చేతికీ చిక్కని మనిషిని, మాట్లాడలేని స్థితిలో ఉంటే పంచుకుంటున్నారు. పాస్టరు ప్రార్థన చేస్తున్నాడు కాబట్టి ఊరుకున్నాను. ఈ కాగితం మీద మాత్రం ఊరుకోను.

ఆమె ఉద్యోగానికి మా ఊరు వచ్చిన కొత్తలో అందరూ కనిపెట్టింది ఒక్కటే, ముందు ఎవరింట్లో నీళ్లు తాగుతాదా అని. మా ఊర్లో సర్కారు మనిషి ఏ ఇంట్లో మొదట గుక్కెడు నీళ్లు తాగితే ఆ పార్టీ మనిషి కింద లెక్క. ఆమె ఎవరింట్లోనూ తాగలేదు. సైకిల్ మోటారు హ్యాండిలుకు నీళ్ల సీసా, సద్దిగిన్నె తగిలించుకొని తిరిగేది. ఆవుకు దూడ అడ్డం తిరిగిందంటే చేతి గడియారం తీసి, పక్కన ఎవరుంటే వాళ్ల చేతిలో పెట్టి, మోచేతి దాకా సబ్బు రుద్దుకునేది. నిన్న ఎదుటి పార్టీవాడు పట్టుకున్న గడియారం ఇవాళ మా వాడు పట్టుకునేవాడు. "గొడ్డుకు పార్టీ యాడిదప్పా, పొదుగు వాపు ఎవురింట్లోనైనా ఒకటే" అనేది.

నేను డిగ్రీ మధ్యలో వదిలేసి, సంతల్లో దొరికిన కరపత్రాలన్నీ చదివి, సొంతంగా రాయడం మొదలుపెట్టిన రోజులవి. మొదటిది తీసుకుపోయి ఆమెకిచ్చినాను. గొర్రెకు సూది వేస్తూనే చివరిదాకా చదివింది. "'నాశనం కావాలి' అని శానా తూర్లు రాసినావు. ఎవురు ఏం చెయ్యల్లో ఒక్క తూరి గూడా రాయలే" అని వెనక్కిచ్చింది. వారం పాటు ఆమె మొహం చూడలేదు నేను. తర్వాత రెండోది రాసినప్పుడు మళ్లీ ఆమె దగ్గరికే పోయినాను.

ఆ ఏడు కోతలయినాక నెల్లూరు పక్కనుంచి ఒకాయన బాతుల మందను తోలుకొచ్చినాడు. రాలిన వడ్లు బాతులు ఏరుకు తింటాయి, వాటి పెంట పొలానికి ఎరువు. ఎదుటి పార్టీ వాళ్ల మళ్లలో దిగినాడు. అదే అతను చేసిన నేరం. బాతులు కాలవలో ఈదుకుంటూ మా వీధి దాకా వచ్చేవి. కొన్నాళ్లకు మా వీధిలో కోళ్లు చావడం మొదలైంది. మా పార్టీ పెద్దాయన పందెం పుంజులు కూడా పోయినాయి. తురాయిలు నల్లబడి, మెడలు వాలేసి పడిపోయినాయి.

ఇంక తీర్పు చెప్పడానికి మా వాళ్లకు ఎంతసేపు? పెద్దాయన తమ్ముడు చెప్పినాడు: "ఒగటే కాలవ. కోళ్లు తాగినాయి, బాతులు తాగినాయి. జబ్బయితే రెండూ సావల్ల గదా? బాతులకు ఈక గూడా రాలలే. అంటే విషం మందు పెట్టినారు. వాళ్లు ఇచ్చినారు, ఈడు పెట్టినాడు." ఊరంతటికీ అది సరైన లెక్కలాగే తోచింది. మా దగ్గర ఎవడు బతికి బయటపడితే వాడిమీదే అనుమానం. ఎన్ని కేసులు అట్లా నడవలేదు!

బాతులాయన్ను పట్టుకొచ్చి పెద్దాయన దొడ్లో కూర్చోబెట్టినారు. మందను పక్కనే కంచె కట్టి పెట్టినారు. అట్లా కూర్చోబెట్టిన మనిషి ఇంటికి పోతాడన్న నమ్మకం ఎవరికీ లేదు. నేను కేకలేసినాను, "పేదోన్ని పట్టుకొని ఏందిది!" అని. నా కేకలకు కట్టెలు పట్టుకున్నవాళ్లు ఇంకా బిగిసినారే గానీ ఎవరూ కదల్లేదు.

డాక్టరమ్మ వచ్చింది. చచ్చిన పుంజును కోసి చూసింది. కాళ్ల మీద, లోపలా రక్తపు మచ్చలు. "మందు తిన్న కోడి ఇట్లుండదు. ఇది పక్షుల జ్వరం మాదిరి ఉండాది. నమూనాలు ల్యాబుకు పంపిస్తా" అని, కోళ్ల గొంతుల్లోంచీ, కంచెలో ఉన్న బాతుల గొంతుల్లోంచీ దూదిపుల్లలతో తీసింది.

"బాతులకెందుకు రాలే మరి?" అని పెద్దాయన తమ్ముడు అడ్డం పడినాడు.

"వచ్చింటాది. రాలేదని ఎవురన్నారు?" అని ఆమె ఒక బాతును ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. "వైరసు లోపలికి దూరినాక దాన్ని పసిగట్టే కావలి ఒకటి బాతుకు పుట్టుకతోనే ఉండాది. ఎవురూ నేర్పింది కాదు. దూరిన గడియలోనే ఆ కావలి పక్క కణాలకు కబురంపుతాది, అవి తలుపులేసుకుంటాయి. కొట్టల్సినంతే కొట్టి చల్లబడతాది. కోడిలో ఆ జన్యువే ల్యా. ఈ మధ్యనే కనిపెట్టినారు. దొంగ ఇల్లంతా తిరిగినాక కోడి ఒళ్లు లేస్తాది. లేసి, చీకట్లో దొంగెవురో తమ్ముడెవురో సూడకుండా బాదుతాది. ఊపిరితిత్తులు అట్లనే పాడయ్యేది. కోడిని జబ్బు కొంత సంపుతాది, దాని కోపం కొంత సంపుతాది."

"అంటే మేం కోళ్లమా?"

"నేను కోళ్ల సంగతే చెప్తాండా నాయనా. నీకు యాడ తగిలిందో నాకేం తెలుసు?"

నేను నవ్వినాను. ఆమె నా వైపు తిరిగి, "నువ్వు నవ్వొద్దు. అందరికన్నా పెద్ద కోడివి నువ్వు" అంది.

పెద్దాయన కుర్చీలోంచి లేవకుండానే, "కాయితం రానీ డాక్టరమ్మా. అంతదాకా ఈడు ఈడనే" అన్నాడు. కాగితం వచ్చేదాకా ఆ మనిషి మిగలడని అక్కడ అందరికీ తెలుసు. ఆమెకూ తెలుసు.

బాతును ఒళ్లోంచి దించింది. తర్వాత పెద్దాయన భార్యను పిలిచి, "అమ్మా, ఆకలైతాంది. సంగటి ఉంటే పెట్టు" అంది.

దొడ్లో అందరూ ఆమె వైపు తిరిగినారు. ఇన్నేళ్లూ గుక్కెడు నీళ్లు ముట్టని మనిషి! పెద్దాయన మొహం వెలిగిపోయింది. ఎదుటి పార్టీ ముందర ఇంతకన్నా గెలుపేముంటుంది? ఇల్లాలు పరుగున పోయి పళ్లెంలో సంగటి ముద్ద, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి తెచ్చింది. డాక్టరమ్మ ముద్దను చేత్తో రెండు చేసింది. ఒకటి తాను తింటూ, ఇంకోటి ఆకులో పెట్టి బాతులాయన ముందు పెట్టింది.

"వద్దమ్మా" అన్నాడతను.

"తిను. నువ్వు లేకుంటే బాతులు మేత ముట్టవు. అవి నా పేషెంట్లు."

అతను తుంచి నోట్లో పెట్టుకున్నాడు. ఎవరికైనా అర్థమయ్యేలోపే మింగినాడు. మా ఊర్లల్లో ఒక ఇంటి కూడు తిన్నవాడి మీద ఆ ఇంటివాళ్లు చెయ్యెత్తరు. ఎంత పగలున్నా ఆ ఒక్కటి దాటరు. పెద్దాయన భార్యే ముందు మాట్లాడింది. "తిన్నాడు. ఇంగ కట్టెలు లోపల పెట్టండి" అంది. పెట్టినారు.

పొద్దుగుంకే లోపల ఊరంతా పాకిపోయింది, డాక్టరమ్మ ఆ పార్టీ కూడు తినిందని. ఎదుటివాళ్లు అర్జీలు పెట్టినారు. ఆ తర్వాత ఆమెను సింహాద్రిపురం పక్కకు బదిలీ చేసినారు. ఇవాళ సమాధి దగ్గర దండలేసింది ఆ అర్జీలు పెట్టినవాళ్లూ, కట్టెలు పట్టినవాళ్లూ. ఎందుకు తిన్నదో ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. అడిగితే, "ఆకలేసింది అబ్బీ" అనేది.

ఆమె ఇంకా బదిలీ కాకముందే ల్యాబు కబురు వచ్చింది. కోళ్లలో జబ్బు ఉంది. బాతుల్లోనూ వైరసు ఉంది. రెండింటినీ చంపి సున్నం వేసి పూడ్చాలన్నారు. నేను ఆమె మీదికే పోయినాను. "జబ్బు లేని బాతులను ఎందుకు సంపుతారు? పేదోని పొట్ట గొట్టేదానికేనా నీ సైన్సు?"

ఆమె అరవలేదు. "నువ్వు బాతు మంచిదా చెడ్డదా అని అడుగుతాండావు. అది రెండూ కాదు. అది ఓర్చుకుంటాది, పోయిన చోటల్లా నీళ్లలో వదులుతాది. కొన్ని రకాల వైరసుకు బాతులూ సస్తాయి, ఈ తూరి సావలే. అంతే" అంది. చేతి తొడుగులు వేసుకుంటూ, "నాకు మాత్రం ఇష్టమా?" అంది. ముందు పెద్దాయన దగ్గర మిగిలిన పుంజులను తెప్పించింది. వాటి తర్వాతే బాతులను ముట్టింది.

ఆ కాగితంతో మందు మాట ఊర్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు. సాయంత్రం బాతులాయన్ను పెన్న ఏటి దాకా ఆమే దిగబెట్టింది, నేనూ పోయినాను. అతను దండం పెట్టి ఇసుకలోకి దిగినాడు. ముందర ఒక్క బాతు కూడా లేదు. అయినా పొడుగాటి వెదురుకర్రను పక్కకు చాపి, ఒక్కో అడుగూ ఆగి ఆగి వేస్తూ, మంద వెనకాల నడిచినట్లే నడుస్తున్నాడు. మధ్యలో ఒకచోట నిలబడి, కర్రను అటునుంచి ఇటు తిప్పి, పక్కకు పోయినదాన్ని దేన్నో లోపలికి మళ్లించినట్లు చేసి, మళ్లీ సాగినాడు. డాక్టరమ్మ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకొని, అవతలి గట్టు మీద ఆ కర్ర కనబడకుండా పోయేదాకా నిలబడే ఉంది.