ఊఁ తీసేసిన కథలు

మా పెద్దమ్మ గొంతులో గడ్డ ఉందనీ, ఆపరేషన్ చేశాక మాట ఎలా ఉంటుందో ముందే చెప్పలేమనీ కాకినాడ డాక్టరు చెప్పిన రోజే నాకు పాడ్‌కాస్ట్ ఆలోచన వచ్చింది. రాజమండ్రి ఇళ్ళల్లోకి బ్రాడ్‌బ్యాండ్ అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. మాట రికార్డు చేసి ఇంటర్నెట్‌లో పెడితే ఎక్కడివాళ్ళయినా తీరిగ్గా వినొచ్చని పేపర్లో చదివాను. పెద్దమ్మ కథలు అలా పెట్టాలనుకున్నాను. వినేవాళ్ళ సంగతి తర్వాత, ముందు ఆ గొంతు నాకు కావాలి. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. ఆ గొంతు వింటూనే నేను అన్నం తిన్నాను, నిద్రపోయాను.

పెద్దమ్మకి చెబితే పేరు దగ్గరే ఆగిపోయింది.

"పాడుకాస్టేంటే? శుభమా అని మొదలుపెడుతూ పాడు అంటారా ఎవరైనా?"

"ఇంగ్లీషు పేరు పెద్దమ్మా."

"ఇంగ్లీషువాళ్ళకి మాత్రం మంచీ చెడ్డా ఉండవేంటి?" అంది. అన్నదే గానీ నాలుగు చీరలు సర్దుకుని పెనుగొండ నుంచి బస్సెక్కి మా ఇంటికి వచ్చేసింది.

నాకు కావలసిన సామాను చిన్నది. మెయిన్‌రోడ్డులో కెమెరాల షాపులో అరచేతిలో ఇమిడే రికార్డర్ ఒకటి చూసి పెట్టుకున్నాను. మీట నొక్కి పక్కన పెడితే చాలు, కాసేపటికి అది ఉందన్న సంగతే మర్చిపోతాం. అదే కొంటానని ఇంట్లో అన్నాను. మా మరిది నవ్వాడు. అతను హైదరాబాద్‌లో ఏదో సౌండ్ కోర్సు చేసి వచ్చాడు. అప్పట్నుంచీ మా ఇంట్లో మిక్సీ తిరిగినా, గిన్నె జారినా దానికో ఇంగ్లీషు పేరు చెబుతుండేవాడు.

"అది ఆఫీసు మీటింగులకి వదినా. దాంతో చేస్తే అంతా బుస్సుమని వినిపిస్తుంది. మీరు ఊరుకోండి, నేను చూసుకుంటాను."

"వాడికి తెలుసులే," అన్నారు మా ఆయన పేపర్లోంచి తలెత్తకుండా. ఆ ఒక్క మాట మా ఇంట్లో చాలా కొంపలు ముంచింది.

పెళ్ళిళ్ళకి మైకుసెట్టు కట్టే షాపుకి ఒకసారి వెళ్ళి, వాళ్ళు ఎకో పెట్టి వినిపిస్తే మొహం చిట్లించుకుని వచ్చేశాడు మరిది. తర్వాత హైదరాబాద్ నుంచి కండెన్సర్ మైకు తెప్పించాడు. దాన్ని కంప్యూటర్‌కి కలిపే డబ్బా, నోటి ముందు పెట్టే నల్లటి జాలీ, చెవులు పూర్తిగా మూసేసే హెడ్‌ఫోన్లు కూడా వచ్చాయి. సాఫ్ట్‌వేర్ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికింది. అందులో చప్పుళ్ళు తీసేయడానికి ఒకటి, మాటల మధ్య ఖాళీలు మూసేయడానికి ఒకటి మీటలున్నాయని మురిసిపోతూ చూపించాడు. చీమ నడిచినా వినిపించే మైకట. అంత గొప్ప మైకు కొని, చీమ చప్పుడు కూడా వినిపించకూడదని ఇల్లంతా నోరు మూయించాడు. ఫ్యాను ఆపించాడు, కుక్కరు దింపించాడు, గోడలకి బొంతలు కట్టాడు. అవి నడివేసవి రోజులు.

"నన్ను కథ చెప్పమన్నారా, ఆవిరి మీద ఉడకమన్నారా?" అంది పెద్దమ్మ, కొంగుతో విసురుకుంటూ.

"కొంగు చప్పుడు కూడా వస్తుందండి అత్తయ్యగారూ," అన్నాడు. ఆవిడ కొంగు వదిలేసింది.

మొదటి కథ రెండు వాక్యాలు చెప్పి ఆగింది. నావైపు చూసింది. నేను తలూపాను.

"తలూపుతావేంటే? నోరు లేదా?"

"వదిన మాట్లాడకూడదండి. రికార్డులో పడిపోతుంది," అన్నాడు మరిది.

"ఊఁ కొట్టేవాళ్ళు లేకుండా కథ ఎవరికి చెప్పను బాబూ? గోడకా?"

తెలిసినవాళ్ళకి తెలుసు, ఊఁ కొట్టడమంటే ఊరికే శబ్దం చెయ్యడం కాదు. మన ఊఁ విని పెద్దమ్మ కథ నడిపేది. ఊఁ గట్టిగా ఉంటే అడవిని ఇంకాస్త పెద్దది చేసేది. నీరసంగా ఉంటే పులిని ముందే తెచ్చేసేది. ఇంకా అనుమానం వస్తే కథ మధ్యలో ఏదో ఒక తిక్కమాట జొనిపేది. మనం పరధ్యానంగా దానికీ ఊఁ అంటే దొరికిపోయామన్నమాట. ఇవన్నీ మా మరిది కోర్సులో చెప్పలేదు. ఆవిడ మొండికేసి కూర్చోవడంతో, "సరే, కొట్టండి వదినా, తర్వాత చూసుకుందాం," అన్నాడు. నేను సంతోషపడ్డాను.

ఆపరేషన్‌కి వెళ్ళేలోపు రోజూ కూర్చున్నాం. చెమటలు కారుతున్నా ఆవిడకి హుషారొచ్చింది. ఎన్నాళ్ళయిందో నేను అలా ఆవిడకి ఎదురుగా కూర్చుని. ఒకరోజు నా కళ్ళు మూతలు పడుతుంటే, "అప్పుడా రాజుగారు గేదెనెక్కి కోటలోకెళ్ళి మజ్జిగ చిలుకుతున్నాడు," అంది. నేను ఊఁ అన్నాను. "ఏం చిలుకుతావే, నువ్వూ మీ రాజూనూ," అని దగ్గొచ్చేదాకా నవ్వింది. నాకూ నవ్వాగలేదు. మరిది ఒక్కడే నవ్వలేదు, హెడ్‌ఫోన్లు సర్దుకున్నాడు.

ఆపరేషన్ అయింది. గడ్డ పోయింది, గొంతూ పోయింది. గాలి మాత్రం బయటికొచ్చేది. చెవి దగ్గర పెడితేగానీ మాట తెలిసేది కాదు. అయినా నాకు లోపల ఒక ధైర్యం ఉండేది, కథలన్నీ దాచుకున్నాం కదా అని.

మేము కాకినాడ ఆసుపత్రిలో ఉండగా మరిది ఇక్కడ కష్టపడ్డాడు. కష్టపడలేదనను. తిరిగొచ్చేసరికి కథలన్నీ ఇంటర్నెట్‌లో పెట్టేశాడు. విన్నాను. నా ఊఁ ఒక్కటి కూడా లేదు. ఆవిడ ఆగిన చోట్లు లేవు, నవ్వు లేదు, "విన్నావా" అన్న మాటలు లేవు. వార్తలు చదివినట్టు గుక్క తిప్పుకోకుండా పెద్దమ్మ చెప్పుకుపోతోంది. రాజుగారు గేదెనెక్కాడు, మజ్జిగ చిలికాడు, మరుక్షణం యుద్ధానికి వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ముందు చేసినవి ఏవి?"

"వాటిమీదే సేవ్ చేశాను వదినా. డిస్కులో చోటు లేదు. అయినా క్లీన్‌వి ఉన్నాయిగా, అవెందుకు?"

నాకు పాతికేళ్ళ ఆస్తి అది, అతనికి చెత్త. మా ఆయనకి చెబితే, "వాడు మంచికే చేశాడు కదా," అన్నారు. మంచికి చేసినవాణ్ణి తిట్టడానికి కూడా వీల్లేదు మా ఇంట్లో.

విన్నవాళ్ళు కొందరు కింద రాశారు. ఆడియో అద్భుతంగా ఉందట, ఏ మైకు వాడారో చెప్పమన్నారు. ఒకాయన మాత్రం, మామ్మగారికి మధ్యలో కాస్త మతి తప్పినట్టుంది, ఆ ముక్క తీసేయాల్సింది అని రాశాడు. మరిది మైకు అడిగినవాళ్ళందరికీ ఓపిగ్గా జవాబులిచ్చాడు.

పెద్దమ్మకి వినిపించొద్దని మరిదిని బతిమాలాను. వింటేనా? ఆవిడ మంచమ్మీద లేచి కూర్చునే సమయానికి హెడ్‌ఫోన్లు తెచ్చి చెవులకి తగిలించాడు. ఆవిడ కదలకుండా విన్నది. తన గొంతు తనకి మళ్ళీ వినిపిస్తుంటే ముందు మొహం విప్పారింది. తర్వాత కనుబొమలు ముడిపడ్డాయి. దేనికోసమో వెతుకుతున్నట్టు తల అటూ ఇటూ తిప్పింది. ఒక కథ పూర్తయ్యాక తనే హెడ్‌ఫోన్లు తీసేసి, నన్ను దగ్గరికి రమ్మని చెయ్యూపింది.

"బాగుంది కదండీ? ఒక్క చప్పుడు లేదు," అన్నాడు మరిది.

నేను వంగి ఆవిడ నోటి దగ్గర చెవి పెట్టాను.

"నువ్వు నా ఎదురుగానే కూర్చున్నావు కదే," అంది పెద్దమ్మ, ఆ గాలిగొంతుతో. "నన్నొక్కదాన్నీ వదిలేసి ఎక్కడికెళ్ళిపోయావు?"