ప్రొబేషన్ మేడం రెండోసారి వచ్చిన రోజు

నేను బడికి వెళ్లింది ఏడో తరగతి వరకే. ఆ తర్వాతి చదువంతా నిజామాబాద్‌లోని జిల్లా గ్రంథాలయంలోనే. కుట్టుపనికి దారాలు, అస్తరు గుడ్డ కొనడానికి బోధన్ దగ్గరి మా ఊరి నుంచి పోయినప్పుడల్లా, తిరుగు బస్సు దొరికేదాకా రీడింగ్ హాల్లో కూర్చునేదాన్ని. కథల పుస్తకాలు అయిపోయాక, చట్టాల గురించి తెలుగులో రాసినవి పట్టాను. మిషను కుట్టేదానికి చట్టాలెందుకని ఊళ్లో నవ్వారు. నవ్వనీ అనుకున్నాను.

తమ్ముడి కేసులో ఆ చదువు అక్కరకొచ్చింది. కాలువ నీళ్ల వంతు దగ్గర గట్టు పక్క రైతుతో మాటామాటా పెరిగి, వీడు పార కట్టెతో కొట్టాడు. ఆయన మోచేతికి కట్టు పడింది. కోర్టులో తమ్ముడు నేరం ఒప్పుకున్నాడు. శిక్ష చెప్పే ముందు ప్రొబేషన్ అధికారి నివేదిక కావాలని జడ్జి గారు వాయిదా వేశారు.

ఆ మాట మా ఇంట్లో అందరికీ కొత్త, నాకు కాదు. తప్పు చేసినవాళ్లందరినీ ఒకే గాటన కట్టకూడదనీ, మొదటిసారి కాలు జారినవాణ్ని, అదే బతుకుగా పెట్టుకున్నవాణ్ని వేరుచేసి చూడాలనీ చదివాను. ఈ మనిషిని లోపల పెట్టాలా, బయటే ఉంచి ఒక అధికారి కనిపెట్టుకుని ఉంటే చాలా అని తేల్చడానికి ఇంట్లోనూ ఊళ్లోనూ విచారిస్తారు. అంటే తమ్ముడు జైలుకు పోతాడా, చెరుకు తోటలో ఉంటాడా అన్నది సగం మా ఊరివాళ్ల నోట్లోనే ఉంది.

ఈ సంగతి ఊరికి చెప్పేలోపే, నేను కుట్టిన బట్టలు ఇవ్వడానికి బోధన్ పోయిన రోజున, అధికారి వచ్చి వెళ్లారు.

మా దగ్గర ఒక అలవాటుంది. కోర్టు పేరు చెప్పి ఎవరొచ్చి ఎవరి గురించి అడిగినా, ఆ మనిషిని ఎరగం అంటారు. ఎరుగుదుమంటే సాక్ష్యానికి తిప్పుతారని భయం. మనవాణ్ని కాపాడాలన్నా అదే దారి అని నమ్మకం.

సాయంత్రం బస్సు దిగగానే పక్కింటి అవ్వ ఎదురొచ్చింది. "ఎవలో కోర్టు మేడం స్కూటీ మీద వచ్చింది బిడ్డా. నీ తమ్ముని సంగతి అడిగింది. ఒక్కలం నోరిప్పలే. ఎవలో ఎరుకలేదన్నం. ఉత్తగనే వాపస్ పోయింది" అంది గెలిచి వచ్చినట్టు.

"అవ్వా, గామె పోలీసు కాదు. ఊరోళ్లకే ఎరుకలేనోన్ని బయట ఉంచుమని ఎట్ల రాస్తది?" అన్నాను.

మర్నాడే నిజామాబాద్ పోయి మేడంను కలిశాను. మా ఊరి అలవాటు దాచకుండా చెప్పాను. ఆమె ఓపిగ్గా విని, వాయిదాకు ముందు ఇంకోసారి వస్తానన్నారు. అయితే తాను అడిగేటప్పుడు నేను దగ్గర ఉండకూడదు, ఎవరికీ మాటలు నేర్పకూడదు అని షరతు పెట్టారు.

నేర్పలేదు. ఇల్లిల్లూ తిరిగి, ఆమె ఎందుకు వస్తుందో మాత్రం చెప్పాను. ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నాను, కొట్టిన సంగతితో సహా. నిజం చెబితే లోపలేస్తారేమోనని కొందరు జంకారు. చాయ్ హోటల్ అన్న అయితే మొహం మీదే అడిగాడు. "పుస్తకంల ఉన్నది కోర్టుల ఉంటదా అక్కా?"

"ఉంటది. గందుకే రాసిండ్రు" అన్నాను. గొంతు గట్టిగానే పలికింది కానీ, లోపల నాకూ అదే అనుమానం.

మేడం వచ్చిన రోజు మిషను ముందు నుంచి లేవలేదు. అవ్వ ఇల్లు గోడ అవతలే కాబట్టి ఆ మాటలు మాత్రమే వినబడ్డాయి. తాగుతాడా అని మేడం అడిగారు.

"కల్లు తాగుతడు మేడం. నేను గూడ తాగుత. తాగి ఎవల జోలికి పోడు. గా దినం తాగకుంటనే కొట్టిండు."

నా చేతిలో గుడ్డ ఆగిపోయింది. అవతల మేడం నవ్వు వినబడింది.

దెబ్బ తిన్న రైతు ఏమంటాడోనన్నదే నా బెంగ. ఏమన్నాడో ఆయనే తర్వాత మా తమ్ముడి ముందే చెప్పాడు. "కొట్టిండని చెప్పిన. నేను గూడ తిట్టిన్నని చెప్పిన. వీన్ని జైలుకు పంపితే కాలువ పూడిక నేనొక్కన్నే తియ్యాల్నా? ఈడ్నే ఉంచుండ్రి, నా మీద చెయ్యెత్తకుంట సూడుండ్రి అని చెప్పిన."

వాయిదా నాడు జడ్జి గారు నివేదిక చూసి, తమ్ముణ్ని ఏడాది పాటు మంచి నడవడికతో ఉంటానన్న బాండు మీద, మేడం పర్యవేక్షణలో విడిచిపెట్టారు.

కోర్టు వరండాలో అవ్వ నా చెయ్యి పట్టుకుని, జైలు లేనట్టేనా అని అడిగింది. "జైలు లేదవ్వా. ఏడాది దాకా మేడం కనిపెట్టుకోని ఉంటది. మల్ల చెయ్యెత్తితే పిలిచి శిక్ష ఏస్తరు" అన్నాను.

ఆమె వెనక్కి తిరిగి, మాతో వచ్చిన ఊరివాళ్లకు అదంతా వివరించింది, తానే గ్రంథాలయంలో కూర్చుని చదివొచ్చినట్టు. నేను పక్కన నిలబడి చెవి పెట్టి విన్నాను. ఒక్క మాటా తప్పు పోలేదు.